నలభై రెండో రోజు

కార్తీకం వచ్చిందంటే చీమకుర్తిలో నలుపు రెట్టింపవుతుంది. ఏడాది పొడుగునా ఉండే నలుపు రాతిది. నల్లటి ఒంటి మీద బంగారు రవ్వలు చల్లినట్టు మెరిసే గెలాక్సీ గ్రానైటు ప్రపంచం మొత్తమ్మీద ఈ చుట్టుపక్కలే పుడుతుంది. ఒంగోలు నుంచి పొదిలి పోయే రోడ్డు మీద దిమ్మెలు మోసే బండ్లు కనబడని పూట ఉండదు. రెండో నలుపు అయ్యప్ప మాలది. క్వారీలో డ్రిల్లింగ్ చేసేవాడు, పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాసేవాడు, లారీ డ్రైవరు, పక్క ఊళ్ల పొగాకు రైతు, మిర్చి రైతు అందరూ ఆ నెలన్నర ఒకే రంగులో కనిపిస్తారు.

తెల్లవారుజామున నాలుగున్నరకు బోరు కింద చన్నీళ్ల స్నానం. పళ్లు టకటకలాడుతుంటే పైకి శరణుఘోష. నుదుట విభూతి, గంధం, కుంకుమ. మధ్యాహ్నం భిక్ష, రాత్రికి అల్పాహారం, నేల మీద చాప. చుట్ట, బీడీ, ఖైనీ, మందు, మాంసం అన్నీ బంద్. సిగరెట్టు మానమని డాక్టరు ఏళ్ల తరబడి చెప్పినా చెవిన పెట్టనివాడు, గురుస్వామి మెడలో మాల వేసిన నిమిషం నుంచి మానేస్తాడు. నలభై ఒక్క రోజులు, అంటే ఒక మండలం, మాట తప్పడు. నిద్ర సరిపడుతుంది, పొట్ట తగ్గుతుంది, ముఖంలో తేటదనం వస్తుంది. ఇంట్లోవాళ్లకైతే అంతకంటే పెద్ద మార్పు కనిపిస్తుంది. ఆ మనిషి గొంతు పెంచడు.

తర్వాత కొండకు వెళ్లి వస్తాడు, మాల తీస్తాడు. కొన్ని ఇళ్లలో ఆ సాయంత్రానికే కోడి తెగుతుంది. కొందరు బస్సు దిగిన చోటే అగ్గిపెట్టె అడుగుతారు.

ఇందులో శాస్త్రం ప్రకారం తప్పేమీ లేదు. దీక్షకు గడువుంది, గడువు పూర్తయింది, నియమం దిగిపోయింది. అయినా ఆలోచించే మనిషిని ఒక ప్రశ్న వదలదు. నలభై ఒకటో రోజున ఉన్న మనిషే నలభై రెండో రోజునా ఉన్నాడు. అదే ఒళ్లు, అదే నాలుక, అదే మనసు. మరి నిన్నటిదాకా కొండలా నిలబడ్డ నిగ్రహం ఇవాళ ఎక్కడికి పోయింది? ఆరోగ్యం కోసం ఒట్టు పెట్టుకునేవాళ్లందరి చిక్కూ ఇదే. జనవరి ఒకటిన జిమ్ములో చేరినవాళ్లు, ఉగాదికి పది కిలోలు తగ్గాలనుకున్నవాళ్లు, షుగరు రిపోర్టు చూసి స్వీట్లు మానినవాళ్లు, ఎవరైనా ఇక్కడికే వచ్చి ఆగుతారు. వాళ్లకు గురుస్వామి ఉండడు కాబట్టి నలభై రెండో రోజు చాలాసార్లు పదో రోజునే వచ్చేస్తుంది.

ముందు దీక్ష ఎందుకు నిలుస్తుందో చూడాలి. భయం, భక్తి ఉన్నాయి, సందేహం లేదు. వాటితో పాటు చాలా లౌకికమైన ఏర్పాట్లూ ఉన్నాయి. మాల వేసుకున్నవాణ్ని భార్య, పిల్లలు, మేస్త్రీ, యజమాని అందరూ ‘స్వామీ’ అనే పిలుస్తారు. రోజుకు యాభైసార్లు ఆ పిలుపు చెవిన పడ్డవాడు దానికి తగ్గట్టు ఉండక తప్పదు. టీ కొట్టతను సిగరెట్టు పెట్టె అతని ముందుకు జరపడు. పెళ్లిలో మందు బల్ల దగ్గరికి ఎవరూ లాగరు. సాయంత్రం భజనకు రాకపోతే నలుగురు ఇంటికొచ్చి అడుగుతారు. నిగ్రహంలో సగం బరువు ఊరు మోస్తుంది. మాల తీసిన గంటలోనే పిలుపు, రంగు, తోడు, ఊరి కాపలా అన్నీ ఒక్కసారిగా పోతాయి. మిగిలేది ఒంటరి మనిషి, అతని పాత అగ్గిపెట్టె.

పూజకు ముందు చెప్పే సంకల్పం కూడా అలాంటి ఏర్పాటే. పురోహితుడు గబగబా చెప్పుకుపోతుంటే చాలామంది పట్టించుకోరుగానీ, అందులో ఉన్నదంతా చిరునామానే. శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల మధ్య, ఏ సంవత్సరం, ఏ అయనం, ఏ ఋతువు, ఏ తిథి, ఏ వారం, ఏ గోత్రం, ఏ పేరు, ఏ పని. చీమకుర్తిలో కూర్చున్నవాడు శ్రీశైలానికి ఆగ్నేయంగా, కృష్ణా కావేరుల నడుమ ఉన్నానని చెప్పుకున్నాకే పువ్వు ముట్టుకుంటాడు. జర్మనీకి చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త పీటర్ గోల్విట్సర్ 1999లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసం సారాంశం కూడా దీనికి దగ్గరగానే ఉంటుంది. ‘వ్యాయామం చేస్తాను’ అనుకున్నవాడి కంటే ‘ఫలానా వేళ, ఫలానా చోట చేస్తాను’ అని తేల్చుకున్నవాడు ఆ పని చేసే అవకాశం ఎక్కువ.

అయితే వేళ, చోటు, తోడు మొదలుపెట్టడానికి సాయం చేస్తాయి. ఏళ్ల తరబడి నిలబడటానికి ఇంకొకటి కావాలి. అది వెతకాల్సింది మన పూర్వమీమాంసలో.

యజ్ఞయాగాల లెక్కలు తప్ప ఏముంటుందని మీమాంసను ఈ రోజుల్లో ఎవరూ తెరవరు. తెరిస్తే మనిషి సంకల్పం గురించి అంత నిశితంగా ఆలోచించిన శాస్త్రం మరొకటి కనబడదు. మీమాంసకులు కర్మలను నిత్యం, నైమిత్తికం, కామ్యం అని విభజించారు. కామ్యం అంటే ఫలం కోరి చేసేది. వాన కావాలంటే కారీరి ఇష్టి చేయాలి, అక్కర్లేకపోతే మానేయవచ్చు. నిత్యం అలా కాదు. అగ్నిహోత్రం బతికినంత కాలం ఉదయం, సాయంత్రం చేయాల్సిందే. ఇంతవరకు చాలామందికి తెలుసు. అసలు సంగతి మీమాంసకు మూలమైన జైమిని సూత్రాల ఆరో అధ్యాయం మూడో పాదంలో ఉంది. నిత్యకర్మలో ప్రధానమైన పని ఒకటుంటుంది, దాని చుట్టూ అంగాలు, అంటే చిన్నాచితకా విధులు, బోలెడుంటాయి. ఒకరోజు కొన్ని అంగాలు కుదరకపోతే? యథాశక్తిగా చేయవచ్చు, ప్రధానం జరిగితే కర్మ జరిగినట్టే. కామ్యంలో ఆ వెసులుబాటు లేదు. ఒక్క అంగం తప్పినా ఫలం రాదు, ఎందుకంటే ఫలం మొత్తం ప్యాకేజీకి చెప్పింది.

ఇప్పుడు ఉగాదికి పది కిలోల మనిషిని చూడండి. అతను తన ఆరోగ్యాన్ని కామ్యకర్మ చేసుకున్నాడు. రోజూ ఐదు కిలోమీటర్లు, కొత్త బూట్లు, ఫోనులో అడుగుల లెక్క, మిల్లెట్ ఉప్మా, అన్నీ కలిస్తేనే ఫలం. నాలుగో వారం చుట్టాలొచ్చారు, రెండు రోజులు నడవలేదు, పులిహోర తిన్నాడు. ఇక అంతా పోయిందనుకుని పూర్తిగా వదిలేశాడు. ఒకవేళ పది కిలోలు తగ్గినా అదే కథ. ఫలం చేతికొచ్చింది కాబట్టి కర్మతో పని తీరిపోయింది. మొక్కు తీర్చుకున్నవాడు గుడి నుంచి బయటికొచ్చినట్టు వచ్చేస్తాడు.

అదే మనిషి నడకను నిత్యంగా పెట్టుకుంటే లెక్క మారుతుంది. ప్రధానం ఒక్కటే: రోజూ నడవడం. దూరం, బూట్లు, వేళ, వేగం అన్నీ అంగాలు. వాన పడితే వసారాలో అటూ ఇటూ పది నిమిషాలు నడిచినా ఆ రోజు కర్మ తీరింది. ఇక్కడ బహుమతి లేదు, గడువూ లేదు. మానేస్తే లోటు అనిపించడమే దాని బలం.

ఏళ్లు కాదు, వందల ఏళ్లు నిలిచిన ఆచారాలను దగ్గరగా చూస్తే ఇంకో విషయం తెలుస్తుంది. అవన్నీ తప్పిపోయే రోజును ముందే ఊహించి పెట్టుకున్నాయి. సంధ్యావందనం వేళ దాటితే ఏం చేయాలి? మామూలు అర్ఘ్యాలతో పాటు ప్రాయశ్చిత్తార్ఘ్యం ఒకటి అదనంగా ఇచ్చి కొనసాగించాలి. అపరాధం ఒప్పుకోవడం, సరిదిద్దుకోవడం, ముందుకెళ్లడం అన్నీ ఆ ఒక్క దోసెడు నీళ్లలో అయిపోతాయి. రంజాన్‌లో జబ్బుపడినవాళ్లు, ప్రయాణంలో ఉన్నవాళ్లు తప్పిన రోజాలను తర్వాత ఖజాగా పూర్తిచేస్తారు. ఎప్పటికీ ఉండలేని స్థితిలో ఉన్నవాళ్లకు పేదవాడికి అన్నం పెట్టే మార్గం ఖురానే చూపింది. బౌద్ధ గృహస్థులు ఉపోసథ దినాల్లో అష్టశీలాలను మళ్లీ మళ్లీ తీసుకుంటారు, పోయినసారి తప్పినా ఈసారి కొత్తగా తీసుకోవచ్చు. గుండ్లకమ్మ ఒడ్డున చందవరంలో స్తూపం కట్టుకున్న కాలంలో ఈ నేల మీద కూడా అలాంటి ఉపాసకులు ఉండే ఉంటారు. మన ఆడవాళ్ల నోము కథల చివర అక్షింతలు వేసుకుంటూ చెప్పుకునే మాట కూడా ఇదే. పద్ధతిలో ఏ లోపం వచ్చినా ఫలంలో లోపం రాకూడదని కోరుకునే మాట అది. ఆరోగ్యం కోసం ఒట్టు పెట్టుకునే ఆధునికుడి కాగితం మీద ఈ ఒక్క గడే ఉండదు. ఏం చేస్తాడో రాసుకుంటాడు, తప్పిన మర్నాడు ఏం చేయాలో రాసుకోడు.

లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె సహచరులు 96 మంది మీద చేసిన అధ్యయనం 2009లో వెలువడింది. భోజనం, నీళ్లు, వ్యాయామం లాంటి చిన్న పనిని రోజూ ఒకే సందర్భంలో చేయమన్నారు. అది అప్రయత్నంగా జరిగే స్థితికి రావడానికి సగటున 66 రోజులు పట్టింది. మనుషుల మధ్య తేడా చాలా ఎక్కువ, 18 రోజుల నుంచి 254 రోజుల దాకా. ఒక్క రోజు తప్పితే అలవాటు పడే క్రమానికి చెప్పుకోదగ్గ నష్టం లేదని కూడా తేలింది. ఇరవై ఒక్క రోజుల్లో అలవాటైపోతుందని వ్యక్తిత్వ వికాసం పుస్తకాల్లో కనబడే మాటకు మూలం 1960లో మాక్స్‌వెల్ మాల్ట్జ్ రాసిన పుస్తకం. ఆయన ప్లాస్టిక్ సర్జన్. కొత్త ముఖానికి అలవాటు పడటానికి రోగులకు కనీసం అన్నాళ్లు పడుతుందని గమనించి రాసింది కాలక్రమంలో సూత్రమైపోయింది. మండలం నలభై ఒక్క రోజులు అంతకంటే మెరుగే, అయినా సగటు మనిషికి ఇంకో పాతిక రోజులు తక్కువ. అంటే మాల తీసే నాటికి చాలామందిలో అలవాటు ఇంకా పచ్చిగానే ఉంటుంది.

ఇక్కడ గాంధీ అడ్డు చెబుతాడు. 1930లో యెరవాడ జైలు నుంచి ఆశ్రమవాసులకు రాసిన ఉత్తరాల్లో ఆయన వ్రతాల గురించి కటువుగానే రాశాడు. సాధ్యమైనంతవరకు పాటిస్తాననేవాడు తన బలహీనతనే చాటుకుంటున్నాడని ఆయన భావం. కాదనలేం. ‘వీలైతే నడుస్తా’ అన్నవాడు నడవడు. కానీ గాంధీ సొంత జీవితంలోనే దీనికి కొనసాగింపు ఉంది. 1912లో టాల్‌స్టాయ్ ఫామ్‌లో ఆయన పాలు మానేశాడు. 1918లో జబ్బుచేసి మంచాన పడ్డాక, ఒట్టు పెట్టుకున్నప్పుడు మనసులో ఉన్నది ఆవుపాలు, గేదెపాలే కదా అన్న కస్తూర్బా సలహాతో చివరికి మేకపాలు తీసుకున్నాడు. మాట అక్షరం నిలిచింది, ఆత్మ పోయిందని ఆత్మకథలో బాధపడ్డాడు కూడా. మీమాంస దృష్టితో చూస్తే గాంధీకీ, జైమినికీ తగాదా లేదు. ప్రధానం దగ్గర ‘వీలైతే’ అనకూడదు, అక్కడ గాంధీ మాటే చెల్లుతుంది. అంగాల దగ్గర యథాశక్తి కావాలి, అక్కడ జైమినిది. ఏది ప్రధానం, ఏది అంగం అని ముందే తేల్చుకోకపోవడం వల్లే మనుషులు అటు మొండితనంలోనో, ఇటు సాకుల్లోనో పడుతున్నారు.

క్వారీలోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. దీక్షలో చెప్పులు వేసుకోకూడదు. రాళ్ల మధ్య బూట్లు లేకుండా దిగడానికి గనుల భద్రతా నియమాలు ఒప్పుకోవు. డ్యూటీ వేళ బూట్లు, బయట ఉత్త కాళ్లు అని సర్దిచెప్పే గురుస్వామి నియమాన్ని పలచన చేయడం లేదు, దాని వరుస తెలిసి మాట్లాడుతున్నాడు. షుగరు ముదిరి పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ల విషయంలోనూ ఇదే వివేకం అవసరం. ముల్లు గుచ్చుకున్నా తెలియని కాలికి పుండు పడితే వేలు, పాదం తీసేయాల్సి రావచ్చు. అలాంటివాళ్లకు చెప్పులు తొడగమనడం భక్తికి లోటు చేయదు.

మానేయడంలోనూ రెండు దారులున్నాయి. దీక్ష ఒక్కసారిగా తెంచేస్తుంది. ఆయుర్వేదంలో చరకుడు, వాగ్భటుడు మెట్లు దిగమంటారు. చెడు అలవాటులో ముందు పావు వంతు తగ్గించి, ఆ పావు చోట మంచిది నింపి, కొన్నాళ్లు అక్కడ నిలదొక్కుకుని, తర్వాత సగానికి, ముప్పావుకి రమ్మన్నారు. పావు కూడా బరువైతే పదహారో వంతుతో మొదలుపెట్టవచ్చంటాడు వాగ్భటుడు. పాతుకుపోయినదాన్ని ఉన్నపళంగా వదిలితే రోగం రావచ్చని కూడా హెచ్చరించారు. రోజూ ఎక్కువగా తాగేవాడు మాల వేసిన రోజే మందు పూర్తిగా ఆపితే రెండు మూడు రోజుల్లో వణుకు, ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చని నేటి వైద్యం చెబుతోంది. అలాంటి మనిషి గురుస్వామి దగ్గరికి వెళ్లే ముందు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇది ఇంటివాళ్లు తెలుసుకోవాల్సిన విషయం.

ఇంటివాళ్లంటే ముఖ్యంగా భార్య. స్వామి నాలుగున్నరకు లేస్తే ఆమె నాలుగుకే లేవాలి. పొయ్యి కడగాలి, మడిగా వండాలి, పిల్లల క్యారేజీలు వేరే. అయ్యప్ప మాల పదేళ్ల నుంచి యాభై ఏళ్ల లోపు ఆడవాళ్లు వేసుకోని ఆనవాయితీ ఉంది కాబట్టి అలసట ఆమెది, పుణ్యం ఊసు అతనిది. భవానీ దీక్ష ఆడవాళ్లూ తీసుకుంటారు. ఆ రోజుల్లోనైనా ఇంటి చాకిరీ మరొకరు అందుకుంటున్నారా అన్నది వేరే ప్రశ్న. తన ఒంటి కోసం అరగంట అడిగిన ఆడదాన్ని స్వార్థపరురాలిగా చూసే ఇళ్లు ఈనాటికీ ఉన్నాయి. ఆ చూపుకు శాస్త్రంలో ఆధారం లేదు. అరణ్యపర్వంలో యక్షుడు లాభాల్లో గొప్పది ఏదని అడిగితే ధర్మరాజు ఆరోగ్యమన్నాడు. ఆ పర్వశేషాన్ని తెలుగులో పూర్తిచేసిన ఎర్రన ఇక్కడికి దగ్గరి అద్దంకి రాజు ప్రోలయ వేమారెడ్డి ఆస్థాన కవి. లాభాల్లో అది గొప్పదైనప్పుడు ఇంట్లో ఒకరి వాటా మరొకరు తినేయడం న్యాయం కాదు.

నియమం ఊరంతటిదైతే ఎంత కాలం నిలుస్తుందో ఒంగోలు ప్రాంతమే చూపింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ 1866లో ఒంగోలు వచ్చాడు. అంతకుముందే యోగసాధన చేసిన ఎర్రగుంట్ల పేరయ్య తొలి రోజుల్లోనే ఆయనతో నడిచాడు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అంటరానివారిగా బతకాల్సివచ్చిన మాదిగ కుటుంబాలు వాళ్లలో ఎక్కువ. వాళ్లు ఒప్పుకున్న నియమాలు మూడే: ఆదివారం పనిచేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. ఆదివారం పొలానికి రామన్నందుకు భూస్వాములు, ఊరి పెద్దలు వాళ్లను నానా బాధలు పెట్టారు. అయినా నియమం నిలిచింది. వారానికోసారి పాటతో, కూటంతో అది తిరిగి తాజా అయ్యేది. ఒకడు సడలితే పక్కవాడు పట్టుకునేవాడు. ఒళ్లు వంచి బతికే మనిషికి ఏడు రోజుల్లో ఒకరోజు విశ్రాంతి, కుళ్లిన తిండికి సెలవు. మతంలో చెప్పుకున్న ఆ రెండు నియమాలూ ఒంటికి జరిగిన మేలు కూడా. వాటి వెనక ఉన్నది ఆత్మగౌరవం. బరువు తూచే యంత్రం ఇవ్వలేని బలం దానికుంది.

సంకల్పం ఎంత గట్టిదైనా దాటలేని హద్దులున్నాయి, వాటిని దాచి ఆరోగ్యం గురించి మాట్లాడటం అన్యాయం. పడమటి దిక్కున పొదిలి, కనిగిరి ప్రాంతాల్లో భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఉంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగినవాడి మోకాళ్లు ఏ యోగాసనానికీ వంగవు. రాతి పొడి ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ వస్తే నయం చేసే మందు లేదు. రాళ్ల మధ్య ఎండలో ఎనిమిది గంటలు నిలబడేవాడికి రోజుకు మూడు లీటర్ల నీళ్లు తాగమని పోస్టరు అంటించడం తేలిక, నీళ్ల డ్రమ్ము అతనికి అందే దూరంలో పెట్టడం యజమాని పని. నీళ్లు చిమ్ముతూ డ్రిల్లింగ్ చేయడం, సరైన మాస్కులివ్వడం, మధ్యాహ్నం నీడ చూపడం, ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే తీయించడం యజమానికి నిత్యకర్మలు. తనిఖీ వచ్చిన రోజున మాత్రం చేస్తే కామ్యమే అవుతుంది.

మరి మాల తీసే రోజు సంగతి? కొండ నుంచి వచ్చిన స్వాములు గురుస్వామి చేతుల మీదుగా మాల తీయించుకునేటప్పుడు, ఒక్కొక్కరు ఒక్క నియమం మిగుల్చుకోవచ్చు. నలభై ఒక్క రోజుల కాఠిన్యమంతా అక్కర్లేదు. ఒకరు తెల్లవారుజామున లేవడం ఉంచుకుంటారు, ఒకరు ఖైనీ లేకుండా ఉండటం, ఒకరు రాత్రి అల్పాహారం, ఒకరు గొంతు పెంచకపోవడం. తప్పిన మర్నాడు ఏం చేయాలో కూడా అప్పుడే, నలుగురి ముందే చెప్పుకోవాలి. పొద్దున నడక తప్పితే సాయంత్రం వీధి చివరిదాకా, బీడీ ముట్టించిన రోజు భజన బృందంలో ఒకరికి ఫోను. గురుస్వామి ఫోనులో ఆ పేర్లన్నీ ఎలాగూ ఉంటాయి. మకరజ్యోతి వెళ్లిన తర్వాత కూడా శనివారం శనివారం ఓ గంట కూర్చునే చోటు గుడిలో దొరక్కపోదు. ఆ గంటలో ఇంటి ఆడవాళ్లకూ చాప పరచాలి, వాళ్లు ఏ నియమం ఉంచుకుంటారో అడగాలి, ఆ వేళకు వంట ఇంకెవరు చేస్తారో అక్కడే తేల్చాలి.